సీమంతం ఘనంగానే చేస్తారు: గర్భిణికి అందే ఆసరా, అందని ఆసరా

తెలుగు ఇళ్ళలో ఆడపిల్ల నెల తప్పిందని తెలిసిన దగ్గర్నుంచి హడావుడి మొదలవుతుంది. పుట్టింటివాళ్ళు చలిమిడి, పూలు, పళ్ళు పట్టుకొస్తారు. అయిదో నెలలోనో ఏడో నెలలోనో గాజులు తొడిగి సీమంతం చేస్తారు. తొలి కాన్పయితే పురిటికి పుట్టింటికి తీసుకెళ్తారు. ఏం తినాలో, ఏం తినకూడదో, ఎటు తిరిగి పడుకోవాలో చెప్పేవాళ్ళకు కొదవే ఉండదు. ఇంత పట్టించుకునే చోట గర్భిణుల మనసు నిబ్బరంగా ఉండాలి. లెక్కలు మాత్రం అలా చెప్పడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద గర్భిణుల్లో దాదాపు 10 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో, ఎక్కువగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. వర్ధమాన దేశాల్లో అది 15.6 శాతం, ప్రసవం తర్వాతైతే 19.8 శాతం. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20 వేల పైచిలుకు తల్లుల వివరాలను కలిపి చూసి 2017లో ఆ సంస్థ బులెటిన్‌లో ప్రచురించిన పరిశీలనలో ప్రసవం తర్వాతి డిప్రెషన్ 22 శాతంగా తేలింది. అయిదుగురు బాలింతల్లో ఒకరికన్నా ఎక్కువే. ఇందులో కొంత భాగం ప్రసవంతో మొదలైంది కాదు, కడుపుతో ఉన్నప్పుడే మొదలై ఎవరూ గుర్తించక మిగిలిపోయింది.

చుట్టూ మనుషులున్నా ఇలా ఎందుకు జరుగుతోందంటే, దొరికే ఆసరా ఒక రకానిది, కావలసింది ఇంకో రకానిది. వచ్చే సమయమూ అవసరమయ్యే సమయమూ కూడా చాలాసార్లు కలవవు.

ఏది ఆసరా అవుతుంది

ఈ విషయం మీద పనిచేసే పరిశోధకులు ఆసరాను కొన్ని రకాలుగా విడదీసి చూస్తారు. పని అందుకోవడం, డబ్బు సర్దడం, తిండి పెట్టడం, ఆస్పత్రికి తోడు వెళ్ళడం ఒక రకం. సమాచారం, సలహా ఇవ్వడం ఇంకొకటి. భయమేస్తోందని చెబితే నవ్వకుండా, తిట్టకుండా వినడం మరొకటి. ఆమె చేస్తున్నది సరిగ్గానే ఉందని ఒక మాట అనడం కూడా ఆసరాయే. మన కుటుంబాల్లో మొదటి రకం చాలావరకు దొరుకుతుంది, డబ్బున్న ఇళ్ళలో ఇంకా బాగా దొరుకుతుంది. సలహాలైతే పొంగిపొర్లుతాయి. వినేవాళ్ళే తక్కువ. "కడుపుతో ఉన్నదానివి, సంతోషంగా ఉండాలి గానీ ఆ మొహమేంటి?" అన్నది ఓదార్పుగానే అంటారు. విన్నవాళ్ళకు మాత్రం ఇక ఈ సంగతి మళ్ళీ ఎత్తొద్దనే అర్థమవుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. నిజంగా ఎంత సాయం అందింది అన్నదానికన్నా, అవసరమైతే ఫలానా మనిషి వస్తుందన్న నమ్మకమే మనసును ఎక్కువగా కాపాడుతుందని ఈ రంగంలో చాలా అధ్యయనాలు చెబుతాయి. 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటివరకూ వచ్చిన పరిశోధనలను సమీక్షించి, కష్టం వచ్చినప్పుడు దాని దెబ్బను తగ్గించేది అలాంటి భరోసాయేనని వాదించారు. అందుకే పదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబంలో ఒంటరిగా ఉండే గర్భిణి ఉంటుంది. ఊళ్ళో ఎవరూ లేకపోయినా రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తే స్నేహితురాలు ఒకరున్నందుకు ధైర్యంగా ఉండే గర్భిణీ ఉంటుంది.

గర్భానికి, ఆసరాకు ఉన్న సంబంధంపై తరచూ ప్రస్తావించే పాత అధ్యయనం 1972 నాటిది. అమెరికాలో సైనికుల భార్యల మీద జరిగింది. జీవితంలో పెద్ద మార్పులు, కష్టాలు ఎక్కువగా ఎదుర్కొన్న గర్భిణులను తీసుకుంటే, అండ లేనివాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి గర్భంలోనో కాన్పులోనో ఏదో ఒక చిక్కు ఎదురైంది. అన్నే కష్టాలుండి, అండ బాగా ఉన్నవాళ్ళలో ముగ్గురికి ఒకరికే. ఇది చిన్న అధ్యయనం, దీన్నే పట్టుకుని ఊగిపోనక్కర్లేదు. పైగా తర్వాత వచ్చిన ఫలితాలు కాస్త చల్లబరిచాయి కూడా. తక్కువ బరువు బిడ్డలు పుట్టే ప్రమాదం ఉన్న గర్భిణుల ఇళ్ళకు నర్సులనో కార్యకర్తలనో పంపి అదనపు మద్దతు ఇస్తే ఏమవుతుందో చాలా దేశాల్లో పరీక్షించారు. బిడ్డ బరువులో, నెలలు నిండకుండా పుట్టడంలో వచ్చిన తేడా స్వల్పమే. పేదరికం, రక్తహీనత, ఇంట్లో హింస అలాగే ఉండగా వారానికోసారి ఎవరో వచ్చి మాట్లాడి వెళ్తే శరీరం మారిపోదు. తల్లి మనసు విషయంలో మాత్రం ఫలితాలు ఇంతకన్నా మెరుగ్గా ఉన్నాయి. ఆ సంగతి కిందకొస్తుంది.

నెలల లెక్కలో ఖాళీలు

తెలుగువాళ్ళ ఆచారాలను గర్భం నెలల పక్కన పెట్టి చూస్తే ఆసరా ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు రావట్లేదో తెలుస్తుంది.

వేవిళ్ళు మామూలుగా ఆరో వారం ప్రాంతంలో మొదలై తొమ్మిదో వారం దగ్గర ముదురుతాయి, చాలామందికి నాలుగో నెలకు తగ్గుతాయి. గర్భస్రావాల్లో ఎక్కువ భాగం కూడా మొదటి మూడు నెలల్లోనే జరుగుతాయి. శరీరానికీ మనసుకూ బాగా గడ్డుకాలం అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే "మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దు, దిష్టి తగులుతుంది" అంటారు. దాంతో ఆఫీసులో చెప్పదు, పొలంలో తోటివాళ్ళకు చెప్పదు. వాంతులు ఆపుకుంటూ బస్సెక్కుతుంది, అందరితోపాటు నాట్లు వేస్తుంది. ఆ గర్భం నిలవకపోతే పరిస్థితి ఇంకా కష్టం. గర్భం ఉన్నట్టే తెలియనివాళ్ళు పోయిందని ఎలా ఓదారుస్తారు? "పోనీలే, తొందరగా మళ్ళీ ఇంకోటి వస్తుందిలే" అని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. తర్వాతి గర్భంలో ఆమె ప్రతి చిన్న నొప్పికీ ఉలిక్కిపడుతుంటే, అంత టెన్షన్ ఎందుకని అడుగుతారు.

తర్వాత సీమంతం. ఆ వేడుకను చిన్నచూపు చూడక్కర్లేదు. ముత్తయిదువలు చుట్టూ చేరి గాజులు తొడిగి, పాటలు పాడి, తమ పురుళ్ళ సంగతులు చెప్పుకోవడంలో పనికొచ్చేది చాలానే ఉండేది. ఫొటోగ్రాఫర్, స్టేజి, థీమ్ డెకరేషన్ వచ్చాక ఆ కబుర్ల చోటు కుంచించుకుపోయింది. అది కుటుంబం చెయ్యగలిగితేనే జరిగే వేడుక కూడా. కులాంతర పెళ్ళి చేసుకుని పుట్టింటికి దూరమైనవాళ్ళకు, భర్త వదిలేసినవాళ్ళకు, ఇటుక బట్టీలకో హైదరాబాద్ నిర్మాణ పనులకో వలస వచ్చినవాళ్ళకు గాజులు తొడిగేవాళ్ళు ఎవరూ ఉండరు.

పుట్టింటికి పురిటికి వెళ్ళడం తెలుగు ఆచారాల్లో అన్నిటికన్నా మేలైన ఏర్పాటు అనిపిస్తుంది. ఇంటి చాకిరీ నుంచి విడుదల, కంటినిండా నిద్ర, అమ్మ చేతి వంట. కానీ దీనికీ కొన్ని చిక్కులున్నాయి. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారితే డాక్టరు మారుతుంది, ఆస్పత్రి మారుతుంది. అత్తగారి ఊళ్ళో పేరు రాసుకున్న ఆశా కార్యకర్త ఒకరు, పుట్టింటి ఊళ్ళో ఉన్నది ఇంకొకరు. గర్భం మొత్తంలో ఎక్కువ జాగ్రత్త కావలసిన వారాల్లో ఆమె ఎవరి లెక్కలో ఉందో తెలియని పరిస్థితి వస్తుంది. పురుడు ఖర్చు పుట్టింటిదే అన్న కట్టుబాటు ఇంకోటి. తండ్రి అప్పు చేస్తున్నాడని తెలిసిన కూతురికి ఆ ఇంట్లో ఎంత సేద దొరికినా లోపల గిల్టీగానే ఉంటుంది. అన్నదమ్ముల పెళ్ళిళ్ళయి వదినలు, మరదళ్ళు వచ్చిన ఇల్లయితే అది ఇక పూర్తిగా పుట్టిల్లు కాదు కూడా. రెండో కాన్పుకు ఈ హక్కు చాలా ఇళ్ళలో సగానికి సగం తగ్గిపోతుంది. అప్పటికి చంకలో ఒక బిడ్డ ఉంటుంది, తల్లికి వయసు మీద పడుతుంది.

మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తారింటికి తిరిగొచ్చాక ఆసరా ఒక్కసారిగా పడిపోతుంది. రాత్రి నిద్ర ఇంకా కుదిరి ఉండదు, వంట మాత్రం మర్నాటి నుంచే ఆమెది.

అమ్మ, అత్త, భర్త

దక్షిణాదిలో ఈ విషయం మీద వచ్చిన రెండు అధ్యయనాలు 2002లోనే వెలువడ్డాయి. ఒకటి తమిళనాడులో వేలూరు దగ్గర కణియంబాడి పల్లెల్లో జరిగింది. ప్రసవం తర్వాత కొత్తగా డిప్రెషన్ మొదలైనవాళ్ళు అక్కడ 11 శాతం. తక్కువ ఆదాయం, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, గర్భంతో ఉండగా ఎదురైన కష్టాలు, పనిలో చేయందించేవాళ్ళు లేకపోవడం, అత్తగారితో పడకపోవడం, కన్నవాళ్ళతో పడకపోవడం అందుకు తోడైన కారణాలు. చివరి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అత్తిల్లు అంటే కష్టం, పుట్టిల్లు అంటే సుఖం అన్న లెక్క మన సీరియళ్ళలో చెల్లుతుందేమో గానీ ఆ పల్లెల్లో చెల్లలేదు.

రెండోది గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసింది. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య 23 శాతం మంది తల్లుల్లో డిప్రెషన్ కనబడింది. పేదరికం, భార్యాభర్తల మధ్య సఖ్యత లేకపోవడం పెద్ద కారణాలు. పుట్టింది ఆడపిల్ల అయితే ఆ భారం ఇంకా పెరిగింది. "ఈసారైనా మగపిల్లాడు పుడితే బాగుండు" అన్న మాట తొమ్మిది నెలలూ వింటూ ఉండే స్త్రీకి బిడ్డ పుట్టకముందే పరీక్ష మొదలైనట్టు. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. ఇంట్లో ఆ మాట అనకుండా ఆపే చట్టం ఉండదు.

భర్త సంగతికొస్తే, మన ఆచారం అతణ్ణి ఈ వ్యవహారానికి అంచున నిలబెట్టింది. స్కానింగ్ గది బయట కుర్చీలో కూర్చుంటాడు, బిల్లు కడతాడు, వారాంతంలో అత్తగారింటికి చుట్టంలా వెళ్ళొస్తాడు. అది అతని నిర్లక్ష్యమే అనుకోవడం తేలిక. అతను లోపలికి వచ్చే దారి కూడా ఎవరూ తెరవలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పితృత్వ సెలవు 15 రోజులు, ప్రైవేటు ఉద్యోగికి చట్టప్రకారం అదీ లేదు. తల్లికైతే 2017 సవరణతో వేతనంతో కూడిన ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది. అది దక్కేది చట్టం పరిధిలోకి వచ్చే ఉద్యోగినులకు. వ్యవసాయ కూలీకి, ఇళ్ళలో పనిచేసే మనిషికి ఆ వారాలు కాగితం మీద కూడా లేవు.

ఆసరా అనుకున్న మనిషే భయానికి కారణమయ్యే ఇళ్ళూ ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 నుంచి 49 ఏళ్ళ మధ్య వివాహితల్లో భర్త హింసకు గురైనవాళ్ళు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. గర్భంతో ఉన్నప్పుడు కూడా దెబ్బలు తిన్నామని దేశవ్యాప్తంగా 3.1 శాతం మంది చెప్పారు. అత్తగారో భర్తో పక్కన నిలబడి ఉండగా డాక్టరు "ఇంట్లో అంతా బాగుందా?" అని అడిగితే బాగుందనే జవాబే వస్తుంది. ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడే వీలు ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

ప్రసవ గది తలుపు

ఆసరా వల్ల ఫలితం ఉంటుందని గట్టి ఆధారాలున్న చోటు నొప్పులు పడే సమయం. 1980లో గ్వాటెమాలాలో ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒంటరిగా నొప్పులు పడుతున్న స్త్రీల పక్కన, వాళ్ళకు ముందు పరిచయం కూడా లేని ఒక మామూలు మహిళను కూర్చోబెట్టారు. వీపు నిమరడం, చెయ్యి పట్టుకోవడం, మాట్లాడటం, అంతే ఆమె పని. ప్రసవ సమయం తగ్గింది, చిక్కులూ తగ్గాయి. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో పరీక్షించారు. వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2017 నాటి సమీక్ష 17 దేశాల్లో 15 వేలమందికి పైగా స్త్రీలతో జరిగిన 26 ప్రయోగాలను కలిపి చూసింది. మొదట్నుంచి చివరిదాకా ఒక మనిషి తోడుంటే ప్రసవం సగటున 40 నిమిషాలు ముందుగా అవుతుంది, సిజేరియన్లు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయి, ప్రసవ అనుభవం చేదుగా మిగిలేవాళ్ళు తగ్గుతారు. ఖర్చు లేని, దుష్ప్రభావం కనబడని ఇలాంటి మందు వైద్యంలో ఇంకోటి దొరకడం కష్టం.

మన ఆరోగ్య శాఖ దీన్ని గుర్తించింది. ప్రసవ గదిలోకి తోడుగా ఒకరిని అనుమతించాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఆ తోడు కాన్పు అనుభవం ఉన్న స్త్రీ అయి ఉండాలి, చాటుకు ఏర్పాటున్న చోట భర్తను కూడా రానివ్వచ్చు. 2017 డిసెంబరులో మొదలైన కేంద్ర ప్రభుత్వ లక్ష్య కార్యక్రమం ప్రసవ గదుల్లో గౌరవంగా మెలగడాన్ని నాణ్యతా కొలమానాల్లో చేర్చింది. ఆచరణలో మాత్రం తలుపు దగ్గరే ఆగిపోతోంది. ఒకే గదిలో తెరలు లేకుండా నాలుగు బల్లలుంటే పక్క బల్ల మీది ఆమె చాటు మాటేమిటి? "అరవకు" అని కసిరే గొంతు, కొన్నిచోట్ల చెయ్యి చేసుకోవడం, సర్కారు దవాఖానాలో కాన్పయిన చాలామంది ఆడవాళ్ళు మామూలు విషయంలా చెప్పుకునే సంగతులు.

ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశ సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం. దీనికి ఆస్పత్రుల ఆదాయం, ముహూర్తాల పిచ్చి, డాక్టర్ల మీద ఒత్తిడి ఇలా ఎన్నో కారణాలు చెబుతారు, అన్నిటిలో కొంత నిజముంది. ఎవరూ పెద్దగా మాట్లాడనిది భయం. ఒంటరిగా, అపరిచితుల మధ్య, తిట్లు తింటూ నొప్పులు పడాల్సి వస్తుందని తెలిసిన అమ్మాయి "ఆపరేషన్ చేసేయండి" అంటే అది ఆమె బలహీనతగా రాసిపెట్టుకోకూడదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థలతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీలో, అంటే దగ్గరుండి కాన్పు చేయించడంలో, శిక్షణ మొదలుపెట్టింది. నొప్పుల సమయమంతా పక్కనే ఉండటం మిడ్‌వైఫ్ పనిలో భాగం. రాష్ట్రం వేసిన మంచి అడుగుల్లో అదొకటి.

"నువ్వు ఏడిస్తే బిడ్డకు తగులుతుంది"

ఈ మాట వినని గర్భిణి ఉండదేమో. ఇందులో శాస్త్రం కొంత ఉంది, దాన్ని వాడే తీరులోనే తప్పు. ఒత్తిడి పెరిగినప్పుడు తల్లి శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. మాయలో (ప్లాసెంటాలో) ఒక ఎంజైము ఉండి, దాంట్లో చాలా భాగాన్ని బిడ్డను చేరకముందే పనిచెయ్యని రూపంలోకి మార్చేస్తుంది. ఒకరోజు ఏడిస్తే, ఒక పూట గొడవపడితే బిడ్డకేమీ కాదు. నెలల తరబడి చికిత్స లేకుండా సాగే తీవ్రమైన డిప్రెషన్, ఆందోళన వేరు. నెలలు నిండకుండా కాన్పవడానికి, తక్కువ బరువుకు వాటితో సంబంధం ఉన్నట్టు అధ్యయనాల్లో తేలింది. అక్కడ కావలసింది చికిత్స. ఏడవొద్దని కట్టడి చేస్తే అప్పటికే ఉన్న దిగులుకు, బిడ్డకు హాని చేస్తున్నానేమో అన్న అపరాధ భావం తోడవుతుంది. ఆమె ఏడుపు ఆగదు, దాచుకోవడం నేర్చుకుంటుందంతే.

దాచుకున్నది కనిపెట్టడమూ తేలిక కాదు. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం డిప్రెషన్ లక్షణాలు, గర్భం లక్షణాలు కూడా. రక్తహీనతలోనూ థైరాయిడ్ తగ్గినా ఇంచుమించు ఇవే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది కాబట్టి ముందు ఆ పరీక్షలు చేయించడం న్యాయమే. ఇనుము మాత్రలిచ్చి పంపేశాక మళ్ళీ అడగకపోవడం దగ్గరే తేడా వస్తుంది. 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళి ఈ చిక్కును దృష్టిలో పెట్టుకునే శారీరక లక్షణాలను దాదాపుగా వదిలేసింది. అందులో ఉన్నవి పదే ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. నవ్వగలుగుతున్నారా, రాబోయే రోజుల మీద ఆశ ఉందా, ప్రతిదానికీ మిమ్మల్నే నిందించుకుంటున్నారా, ఊరికే భయమేస్తోందా అని అడుగుతుంది. పదోది తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. అయిదు నిమిషాల పని. గర్భంలోనూ వాడొచ్చు. మన ఆస్పత్రుల్లో బరువు, బీపీ, హిమోగ్లోబిన్ రాసినంత అలవాటుగా ఈ ప్రశ్నలు అడగడం ఇంకా రాలేదు. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరిగే రోజున క్యూ చూసినవాళ్ళకు కారణం వేరే చెప్పక్కర్లేదు.

ప్రభుత్వాలు డబ్బు, సరుకు ఇవ్వడంలో వెనకబడలేదు. తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌తో ఆడపిల్ల పుడితే 13 వేలు, మగపిల్లాడు పుడితే 12 వేలు, దోమతెర, సబ్బులు, చీరలు ఇచ్చారు. వాటి విలువ పేదింటికే తెలుస్తుంది. 2015 జనవరి నుంచి నడిచిన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణులు అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చుని ఒక పూట భోజనం చేయాలి: అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. ఇది పౌష్టికాహార పథకమే గానీ, కడుపుతో ఉన్న నలుగురు ఆడవాళ్ళు రోజూ ఒకచోట చేరి తింటూ మాట్లాడుకునే వీలు కూడా దీంతో వచ్చింది. ఆ సంగతి పథకం రాసినవాళ్ళకు తట్టిందో లేదో. కోవిడ్ కాలంలో సరుకులు ఇంటికే ఇచ్చినప్పుడు తిండి అందింది, ఆ గంట కబుర్లు పోయాయి. అప్పటి విజయనగరం జిల్లా ఏజెన్సీ వైపు సాలూరులో, కొండ మీది గిరిజన గర్భిణులు ప్రసవానికి ముందే వచ్చి ఉండేలా వసతి గృహం నడిపారు. డోలీల మీద మోసుకొచ్చే ప్రమాదం తప్పించడానికి పెట్టిందది. ఇల్లు విడిచి వారాలపాటు ఉండాల్సిన ఆడవాళ్ళకు తోటి గర్భిణులే తోడు.

డాక్టర్లు కానివాళ్ళు చేసిన పని

సైకియాట్రిస్టులు పట్నాల్లోనే ఉంటే పల్లెలో గర్భిణి ఎవరికి చెప్పుకోవాలి? దీనికి మంచి జవాబు పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో దొరికింది. అక్కడి లేడీ హెల్త్ వర్కర్లు మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్ళు. కొద్ది శిక్షణతో వాళ్ళు డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకు చివరి నెలలో వారం వారం, కాన్పు తర్వాత పలుచగా వెళ్ళి మాట్లాడారు. మనసు వైద్యం అంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోరని, బిడ్డ ఆరోగ్యం గురించి మాట్లాడటానికి వచ్చామన్నారు. అత్తగారిని కూడా కూర్చోబెట్టారు. ఇది మోసం కాదు, అక్కడి ఇళ్ళను బాగా ఎరిగినవాళ్ళ ఉపాయం. 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మామూలు సందర్శనలు అందినవాళ్ళలో 53 శాతం మందికి డిప్రెషన్ కొనసాగితే, ఈ సాయం అందినవాళ్ళలో 23 శాతానికి తగ్గింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతినే కరదీపికగా వెలువరించింది. గోవాలో తోటి మహిళలతో ప్రయత్నించినప్పుడు ప్రభావం అంత పెద్దగా రాలేదు. చోటు మారితే ఫలితం మారుతుంది కాబట్టి ఇక్కడ కూడా పరీక్షించే అమలు చేయాలి.

ఝార్ఖండ్, ఒడిశా గిరిజన ప్రాంతాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసింది ఇంకా ఆసక్తికరం. అక్కడ ఎవరూ ఎవరికీ కౌన్సెలింగ్ ఇవ్వలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు నెలకోసారి కూర్చుని కాన్పుల్లో వచ్చే ఇబ్బందులు చెప్పుకున్నారు, కథలు, బొమ్మల సాయంతో చర్చించి తామే ఉపాయాలు వెతుక్కున్నారు. మూడేళ్ళలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. తల్లుల డిప్రెషన్‌లో మొత్తం మీద తేడా కనబడలేదు గానీ, మూడో ఏడాదికి ఒక మోస్తరు డిప్రెషన్ 57 శాతం తగ్గింది. 2010లో వచ్చిన ఈ ఫలితాలు తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకంగా పనికొస్తాయి. ఊరూరా పొదుపు సంఘాలు ఇక్కడ ముప్పయ్యేళ్ళుగా కూర్చుంటున్నాయి. కిస్తీలు, వడ్డీలు లెక్క చూసుకున్నాక మిగిలే అరగంటలో ఈ చర్చ పెట్టడానికి కొత్త భవనం కట్టక్కర్లేదు.

అమెరికాలో ఉన్న తెలుగు గర్భిణుల ఇబ్బంది తలకిందులు. అక్కడ భర్త ప్రసవ గదిలో పక్కనే ఉంటాడు, బొడ్డుతాడు కూడా కోస్తాడు. డాక్టర్లు ఎడిన్‌బరో లాంటి ప్రశ్నలు అడుగుతారు. కరువైంది వంట చేసి పెట్టి, రాత్రి బిడ్డను ఎత్తుకునే మనిషి. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలుండొచ్చు కాబట్టి ముందు అమ్మ, తర్వాత అత్తగారు అని వంతులేసుకుంటారు. వీసా రాకపోతే ఆ లెక్కంతా కూలిపోతుంది. అక్కడి ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా, అదీ అర్హత ఉంటేనే. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండే ఆమెకు ఆఫీసు స్నేహితులూ ఉండరు. అక్కడ గర్భిణులకు, తల్లులకు 2022 నుంచి 1-833-852-6262 అనే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది.

ఆసరాతో ఆగనిది

ఎంత మంచి కుటుంబమున్నా కొందరికి జబ్బు వస్తుంది. ఇంతకుముందు డిప్రెషన్‌గానీ, ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుగానీ ఉన్నవాళ్ళకు గర్భంలో, ముఖ్యంగా కాన్పయిన వారాల్లో తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. రెండు వారాలు దాటి దాదాపు రోజంతా దిగులు ఉంటున్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుకు చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అప్పటికే మందులు వాడుతున్నవాళ్ళు గర్భం అని తెలియగానే వాటిని సొంతంగా మానేయడం మన దగ్గర చాలా మామూలు. కొన్ని మందులు నిజంగానే బిడ్డకు హానికరం, వాల్ప్రోయేట్ అందులో ఒకటి. గర్భంలోనూ డాక్టర్లు జాగ్రత్తగా కొనసాగించే మందులూ ఉన్నాయి. ఏది మార్చాలో ఏది ఉంచాలో డాక్టరు చెప్పాలి. ఇంట్లోవాళ్ళో వాట్సాప్ గ్రూపో తేల్చే విషయం కాదిది. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి-మానస్, 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే బిడ్డను విడదీస్తారేమో అన్న భయంతో చాలా కుటుంబాలు వెనకాడతాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. మానసిక ఆస్పత్రిలో చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉందని వైద్యులు భావిస్తే తాత్కాలికంగా విడిగా ఉంచొచ్చు గానీ, అప్పుడు కూడా సిబ్బంది పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూసుకునే వీలుండాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను ఒకేచోట ఉంచి చికిత్స చేసే ప్రత్యేక విభాగం 2009 నుంచి పనిచేస్తోంది. బిడ్డ పక్కనే ఉంటుంది, కుటుంబసభ్యురాలు ఒకరు తోడుంటారు, పాలివ్వడం నుంచి ఎత్తుకోవడం దాకా నర్సులు దగ్గరుండి నేర్పుతారు. అలాంటి పడకలు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే.